అమ్మకి ఎన్ని గంటలు?

మాదాపూర్‌లో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా పది నిమిషాల్లో డల్లాస్ పేరు వినిపిస్తుంది. ఒకరికి అక్కడ అన్నయ్య ఉంటాడు, ఇంకొకరికి అక్కడి టీమ్‌తో రాత్రి కాల్ ఉంటుంది. విని విని డల్లాస్ అంటే అమీర్‌పేట తర్వాతి స్టాప్ అన్నట్టే ఉండేది నాకు. అక్కకి డెలివరీ టైమ్ దగ్గరపడి, అమ్మని ఒక్కదాన్నే పంపాల్సి వచ్చినప్పుడు గానీ ఆ దూరం బరువు తెలియలేదు.

శంషాబాద్ నుంచి డల్లాస్ ఎయిర్‌పోర్టుకి దగ్గరి దారిలో కొలిస్తే దాదాపు 14,400 కిలోమీటర్లు. భూమి చుట్టుకొలతలో మూడో వంతు కంటే ఎక్కువే. గోడ మీద మ్యాప్ చూస్తే నేరుగా పడమటికి పోవాలనిపిస్తుంది. గ్లోబు మీద దారం పెట్టి లాగండి, అది ఉత్తర ధ్రువం పక్క నుంచి పోతుంది! రెండు ఊళ్లూ భూగోళానికి ఇంచుమించు చెరో పక్కన, భూమధ్యరేఖకి ఉత్తరాన ఉన్నాయి మరి.

నేరుగా విమానం లేదు. దుబాయ్ మీదుగా అయితే 2,550, అక్కడి నుంచి 12,900. అంటే చుట్టు తిరిగినా పెరిగేది వెయ్యి కిలోమీటర్ల పైచిలుకే. విమానానికి అది గంట, గంటంబావు పని. మరి యాప్‌లో ఒక టికెట్ 22 గంటలు, ఇంకోటి 35 గంటలు ఎందుకు? ఆ తేడా చాలావరకు గాల్లో కాదు, ఎయిర్‌పోర్టు కుర్చీల్లో.

నా టికెట్ అయితే తక్కువ గంటలున్నది చూసి నొక్కేస్తాను. అమ్మకి అలా కుదరదు. అన్నిటికంటే త్వరగా చేరేదానికి దుబాయ్‌లో మారడానికి గంటన్నరే ఉంది. మొదటి విమానం అరగంట లేటైతే, ఇంగ్లిష్ రాని అమ్మ అంత పెద్ద టెర్మినల్‌లో పరుగెత్తాలి. చవగ్గా ఉన్నది న్యూయార్క్ మీదుగా. అమెరికాలో మామూలుగా మొదట దిగిన చోటే ఇమ్మిగ్రేషన్, అక్కడే పెట్టెలు తీసుకుని మళ్లీ అప్పగించాలి. రెండు పెద్ద సూట్‌కేసులతో అమ్మ ఒక్కతే!

చివరికి దుబాయ్‌లో 4 గంటలు ఆగేది తీసుకుని, వీల్‌చెయిర్ పెట్టించాను.

“నేనేమన్నా నడవలేనిదాన్నా?” అని అమ్మ అలిగింది.

“కుర్చీ కోసం కాదమ్మా, తోసుకెళ్లే మనిషి కోసం” అన్నాను.

తెల్లవారుజామున 4 గంటలకి విమానం. దుబాయ్‌కి 4 గంటలు, అక్కడ 4, తర్వాత 16. మొత్తం 24. వేసవిలో డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక. అందుకని అమ్మ దిగేసరికి అక్కడ అదే రోజు సాయంత్రం 5:30.

“పొద్దున ఎక్కి సాయంత్రానికి దిగిందిగా, ఎంత దూరం!” అన్నారు నాన్న. ఆ 16 గంటలూ నా ఫోన్‌లో కదిలే చిన్న విమానం బొమ్మ మీంచి కళ్లు తిప్పనిది కూడా ఆయనే.

మీరూ అమ్మకో నాన్నకో టికెట్ తీస్తుంటే మొత్తం గంటలు తర్వాత చూడండి. ఎక్కడ ఆగాలి, ఎంతసేపు, పెట్టెలు ఎక్కడ తీసుకోవాలి, పక్కన ఎవరుంటారు... ముందు అవి చూడండి.