రిజిస్టర్‌కెక్కని జబ్బు

పీహెచ్‌సీ డాక్టరుగా ఉన్న రోజుల్లో ఓ సమావేశంలో లేచి ధీమాగా చెప్పాను: "మా మండలంలో సైకోసిస్ కొత్త కేసులు దాదాపు లేవు." ఓపీ రిజిస్టర్ తిరగేస్తే ఏడాదికి ఒకటో రెండో. అక్కడితో ఆగినా బాగుండేది. పల్లెల్లో కుటుంబాలు గట్టివి, మనిషి ఒంటరివాడు కాడు, అందుకే ఈ జబ్బు తక్కువ అని సిద్ధాంతం కూడా చెప్పాను. చప్పట్లు కొట్టారు.

కాస్త చదివుంటే ఆ మాట అనేవాణ్ణి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పది దేశాల అధ్యయనం 1992లోనే అచ్చయింది. సైకోసిస్‌లో ప్రధాన జబ్బైన స్కిజోఫ్రీనియాకు విశాలమైన నిర్వచనం తీసుకుంటే, 15–54 ఏళ్ళవారిలో లక్షకు ఏడాదికి డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో 18 కొత్త కేసులు, చండీగఢ్ పల్లెల్లో 42. నిర్వచనం బిగిస్తే అవి 7, 11 అయ్యాయి. ఎలా చూసినా పల్లెది తక్కువ కాదు.

మరి మావాళ్ళేరీ? ఓ ఆశా కార్యకర్త చూపించింది. "పిచ్చివాళ్ళున్నారా అంటే ఎవరు చెప్తారు సార్? ఇంట్లో పెళ్ళికెదిగిన పిల్లలుంటారు కదా!" ఆమె అడిగే తీరు వేరు. తనలో తానే మాట్లాడుకునే కుర్రాడు, అన్నంలో విషం కలిపారని తిండి మానేసిన కోడలు, గాలి సోకిందని గడప దాటనివ్వని మనిషి ఒక్కొక్కరే బయటపడ్డారు. ఆ కుర్రాడికి జబ్బు మొదలై మూడేళ్ళు. అంటే నేను "దాదాపు లేవు" అన్న ఏడాది అతను కొత్త కేసే. ఇప్పుడేమో పాత కేసు.

కాంచీపురం, నైజీరియాలోని ఇబాదాన్, ఉత్తర ట్రినిడాడ్‌లలో ఇంట్రెపిడ్ అనే సైకోసిస్ అధ్యయనం చేసినవాళ్ళు కూడా ఆమెలాగే ఆస్పత్రుల దగ్గర ఆగలేదు. నాటువైద్యులనూ, ఊరి సంగతులు తెలిసినవాళ్ళనూ కలుపుకుని వెతికారు. ట్రినిడాడ్‌లో కొత్త కేసుల రేటు మిగతా రెండుచోట్లకన్నా బాగా ఎక్కువని తేలింది. వర్ధమాన దేశాలన్నిటినీ ఒకే గాటన కట్టి మాట్లాడే నాలాంటివాళ్ళకు అది మరో దెబ్బ.

చివరికి మా ఊళ్ళ భూతవైద్యుణ్ణి కలిశాను. కసురుకుంటాడనుకున్నాను. "రాత్రిళ్ళు నిద్రపోనివాళ్ళను, చెప్పిన మాట చెవికెక్కనివాళ్ళను పంపిస్తా, మందులివ్వండి. నేను కట్టిన తాయెత్తు మాత్రం విప్పించకండి" అన్నాడు. ఒప్పుకున్నాను. నేనిచ్చే రిస్పెరిడోన్‌ మందుకు తాయెత్తుతో పేచీ ఏమీ లేదు.