పళ్ల మధ్య రుమాలు

డిగ్రీ రోజుల్లో పికాసో ‘వీపింగ్ వుమన్’ తస్వీర్‌ను ఒక పుస్తకంలో చూసి నవ్వాను. పగిలిన అద్దం లాంటి ముఖం, పసుపూ ఆకుపచ్చా కలిసిన చెంపలు. ఇదేం ఏడుపు అనుకున్నా.

తర్వాత అబ్బా ఇంతెకాల్ అయ్యారు. జనాజా గడప దాటుతుంటే అమ్మీ దుపట్టా కొసను పళ్ల మధ్య బిగబట్టింది. ఆవాజ్ బయటికి రానివ్వలేదు. సబర్ అంటే మెత్తటిదనుకునేవాణ్ని. ఆ రోజు అమ్మీ దవడలు చూశాను.

మొన్న ఆ తస్వీర్ మళ్లీ కనబడింది. అందులో ఔరత్ కూడా రుమాలు కొరుకుతోంది. రుమాలు దగ్గర మాత్రం రంగులు ఆగిపోయాయి. తెలుపు, నీలం, గాజుపెంకుల్లాంటి అంచులు. కన్నీళ్లు తుడవాల్సిన గుడ్డే ముఖాన్ని కోస్తున్నట్టుంది. తల మీద ఎర్ర టోపీ, దానికి నీలం పువ్వు. ముస్తాబై బయల్దేరిన మనిషికి దారిలో ఖబర్ అందినట్టు. అది 1937. స్పెయిన్‌లో గెర్నికా ఊరిపై బాంబులు పడిన ఏడాది. ఆ చిత్రానికి మోడల్ డోరా మార్, తనూ ఫొటోగ్రాఫరే.

విలేకరిగా ఎన్నో మయ్యత్ ఇళ్లకు వెళ్లాను. కన్నీళ్లు కనిపించే ఫొటోలే ఏరుకున్నాను. అమ్మీ ఫొటో నా టేబుల్ మీదికి వచ్చి ఉంటే, ‘ఈమె ఏడవడం లేదు’ అని పక్కన పెట్టేసేవాణ్నే.