నెల్లూరు తీరంలో మన ఇంటిపేర్లు

తమిళనాడు సరిహద్దులోని తడ నుండి ఉత్తరాన కావలి వరకు, సముద్రానికి దాదాపు సమాంతరంగా జాతీయ రహదారి సాగుతుంది. ఆ దారిలోని ఏ ఊళ్లో ఆగినా ఒక విషయం కంటబడుతుంది. మసీదు వీధిలోని దుకాణాల మీద, బడి హాజరు పట్టీలలో, ఓటర్ల జాబితాలలో ముస్లింల పేర్లకు ముందు నాలుగైదు మాటలే మళ్లీ మళ్లీ వస్తాయి: షేక్, సయ్యద్, పఠాన్, మొఘల్, మహమ్మద్. పొరుగున ఉన్న హిందూ కుటుంబాలకు వందలాది ఇంటిపేర్లు ఉండగా మనకు ఇవే ఎలా వచ్చాయి? అసలు ఇవి ఇంటిపేర్లేనా?

అరబ్బుల సంప్రదాయంలో మనం అనుకునే ఇంటిపేరు లేదు. వ్యక్తికి సొంత పేరు ఉంటుంది. దానికి 'బిన్' లేక 'బింత్' అని చేర్చి తండ్రి పేరు చెబుతారు. సంతానాన్ని బట్టి అబూ ఫలానా, ఉమ్మె ఫలానా అని గౌరవంగా పిలుస్తారు. ఊరిని, దేశాన్ని, తెగను బట్టి మరొక గుర్తింపు చేరుతుంది. హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) పేరులో పారశీక దేశం ఉంది. హజ్రత్ బిలాల్ హబషీ (రజి) పేరులో అబిసీనియా ఉంది. తెలుగువారి పద్ధతి వేరు. ఇక్కడ ముందు ఇంటిపేరు, తరువాత వ్యక్తి పేరు. నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో ఉండి మహాభారతాన్ని తెనిగించిన తిక్కన సోమయాజిని కొట్టరువు తిక్కన అనడం ఈ పద్ధతినిబట్టే. ఈ రెండు సంప్రదాయాలు కలిసిన చోటనే మన పేర్లు రూపుదిద్దుకున్నాయి.

ఆ కలయికకు మొదటి దారి సముద్రం. అరబ్బు వర్తకులు కోరమాండల్ తీరాన్ని 'మఅబర్' అనేవారు. దాటే చోటు, రేవు అని ఆ మాటకు అర్థం. పద్నాలుగో శతాబ్దం తొలినాళ్లలో పారశీక చరిత్రకారుడు వస్సాఫ్ ఈ మఅబర్ దేశం కేరళలోని కొల్లం నుండి 'నీలావర్' వరకు వ్యాపించి ఉందని రాశాడు. ఆ నీలావర్ మన నెల్లూరే. పర్షియా సింధుశాఖ నుండి ఏటా గుర్రాలు ఓడల మీద ఈ తీరానికి వచ్చేవని కూడా ఆయన వర్ణించాడు. పులికాట్ సరస్సుకు దక్షిణ కొసన ఉన్న పాత రేవు పట్టణంలోను, ఆ దిగువ తమిళ తీరంలోను కనిపించే మరక్కాయర్, లబ్బై అనే పేర్లు ఈ సముద్ర వర్తకపు జ్ఞాపకాలే. 'మరక్కలం' అంటే తమిళంలో కొయ్య ఓడ. దానినుండే మరక్కాయర్ వచ్చిందని చెబుతారు. లబ్బై అనే పేరును కొందరు 'లబ్బైక్' అనే పలుకుతో ముడిపెడతారు. ఆ కుటుంబాలు కొన్ని ఉత్తరాన తెలుగు నేలకూ వచ్చి స్థిరపడ్డాయి.

గూడూరు దాటి నెల్లూరుకు చేరువవుతుండగా వెంకటాచలం మండలంలో కసుమూరు ఉంది. అక్కడి మస్తాన్ వలీ దర్గా మూలంగా ఈ ప్రాంతంలో మస్తాన్, మస్తాన్ వలీ, కాలేషా అనే పేర్లు ఇంటింటా వినిపిస్తాయి. దైవప్రేమలో మునిగి ఒళ్లు మరచినవారిని ఫార్సీలో మస్తాన్ అంటారు. హిందూ కుటుంబాలలో సైతం మస్తానయ్య, మస్తానమ్మ అని పేర్లు పెట్టుకున్నారు. తమిళ తీరంలోని నాగూరు మూలంగా నాగూర్ మీరా, నాగూర్ బాషా అనే పేర్లు వచ్చాయి. దర్గాలలోని ఆచారాల గురించి ధార్మిక చర్చ ఎలా ఉన్నా, ఊరి పేరు మనిషి పేరుగా మారడం ఈ తీరపు చరిత్రలో ఒక భాగం.

పెన్నా ఒడ్డున ఉన్న నెల్లూరు పట్టణం చేరితే కథ సముద్రం నుండి కొలువుకు మారుతుంది. పద్దెనిమిదో శతాబ్దంలో ఈ ప్రాంతం ఆర్కాటు నవాబుల అధీనంలో ఉండేది. నవాబు మహమ్మద్ అలీ వాలాజా సోదరుడు నజీబుల్లా ఇక్కడ పాలకుడుగా ఉండి 1757లో అన్నపైనే తిరుగుబాటు చేశాడు. అటువంటి కొలువులలో సైనికులుగా, అధికారులుగా, ఖాజీలుగా పనిచేసిన కుటుంబాలు తమ వంశనామాలను తెచ్చుకున్నాయి. సయ్యద్ అంటే నాయకుడు, ప్రభువు. హజ్రత్ ఫాతిమా (రజి) సంతతివారికి అది గౌరవనామం అయింది. పఠాన్ అనేది అఫ్గాన్ ప్రాంతపు పష్తూన్ జాతి పేరు. మొఘల్ అంటే మంగోలు. బేగ్ తుర్కీ బిరుదు. మీర్జా అంటే అమీరు బిడ్డ. ఉత్తరాదిన ఖాన్ పేరు చివర వస్తే సరిపోతుంది. మన తీరంలో మాత్రం పేరుకు ముందు 'పఠాన్', చివర 'ఖాన్' రెండూ పెట్టుకునే కుటుంబాలున్నాయి. చివరిది వారు తెచ్చుకున్నది. ముందరిది తెలుగు నేల అడిగినది.

షేక్ మాట వేరు. అరబ్బీలో అది పెద్దవాడు, వయోవృద్ధుడు, గురువు అనే అర్థంలో వాడే గౌరవపదం. అరబ్బు మూలాలు ఉన్నాయని చెప్పుకొన్నవారు దీనిని ధరించారు. ఈ నేల మీదనే ఇస్లాం స్వీకరించిన కుటుంబాలు కూడా పెద్ద సంఖ్యలో దీనిని స్వీకరించాయి. పాత కులనామాన్ని విడిచి వచ్చినవారికి ఈ మాట ఒక సమాన గౌరవాన్ని ఇచ్చింది. అందుకే ఇది ఇంతగా వ్యాపించింది. అయితే ఒకే ఊరిలో వంద గడపలు షేక్ అయినప్పుడు ఏ గడప ఏదో తెలియడానికి మరొక గుర్తు కావాలి. తాతల ఊరు, చేసిన పని, ఇంటి పెద్ద పేరు ఆ గుర్తులయ్యాయి. పెద్దలు 'ఫలానావాళ్లు' అని తెలుగులో చెప్పే ఆ మాటే అసలైన ఇంటిపేరు. అది ఏ కాగితం మీదా ఉండదు.

వృత్తి పేర్ల కథ ఇంకా స్పష్టం. దూదిని విల్లుతో ఏకి పరుపులు, బొంతలు కుట్టినవారు దూదేకులవారు. వారినే పింజారీ, లద్దాఫ్, నూర్‌బాషా అని కూడా అంటారు. లద్దాఫ్ అనేది దూది ఏకేవాడని అర్థమిచ్చే అరబ్బీ 'నద్దాఫ్' నుండి వచ్చింది. ఇంట్లోనూ తెలుగే మాట్లాడే ఈ కుటుంబాలలో అనేకం తెలుగు ఇంటిపేర్లను నేటికీ నిలుపుకొన్నాయి. సుగంధాలు అమ్మినవారు అత్తరు సాయిబులు. 'సాయిబు' కూడా అరబ్బీ 'సాహిబ్' నుండి వచ్చినదే. సహచరుడు అని దాని తొలి అర్థం.

ఈ పేర్లకు ప్రభుత్వ కాగితాలలోనూ బరువుంది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చేసిన చట్టం ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు విద్యలోను, ఉద్యోగాలలోను 4 శాతం రిజర్వేషన్ కల్పించింది. ఆ బీసీ-ఇ జాబితాలో షేక్, లబ్బై, అత్తరు సాయిబులు, ఫకీరు సాయిబులు, ఖురేషీలు ఉన్నారు. సయ్యద్, పఠాన్, మొఘల్ వంటి వర్గాలను మినహాయించారు. దూదేకులవారు అంతకుముందే బీసీ-బిలో ఉన్నారు. ఒకనాడు గౌరవం కోసం ధరించిన పేరు నేడు పిల్లవాడి కళాశాల సీటును నిర్ణయిస్తున్నది. ఇక షేక్ అనే చిన్న మాటను ఇంగ్లీషులో నాలుగైదు విధాలుగా రాస్తారు. బడి ధ్రువపత్రంలో ఒక తీరు, ఆధార్‌లో మరొక తీరు, పాస్‌పోర్టులో ఇంకొక తీరు ఉంటే గల్ఫ్ ప్రయాణం కట్టినవారికి చిక్కులు తప్పవు. బిడ్డ జనన నమోదు నాడే ఒక వర్ణక్రమం నిర్ణయించుకుని దానినే అంతటా వాడటం మేలు.

అంతకన్నా పెద్ద చిక్కు సంబంధాలు చూసేటప్పుడు వస్తుంది. అబ్బాయి దీన్‌దారుడు, చదువుకున్నవాడు, కష్టించేవాడు అయినా సయ్యదుల ఇంట షేకుల సంబంధం, షేకుల ఇంట దూదేకుల సంబంధం ఆగిపోవడం మనం ఎరుగనిది కాదు. దివ్యఖుర్ఆన్ (49:13) మానవులను జాతులుగా, తెగలుగా చేయడానికి కారణం ఒకరినొకరు గుర్తించుకోవడమేనని, అల్లాహ్ వద్ద గౌరవం దైవభీతిని బట్టి లభిస్తుందని బోధిస్తున్నది. అంతిమ హజ్ సందర్భంలో దైవప్రవక్త ముహమ్మద్ (స) అరబ్బుకు అరబ్బేతరునిపై ఆధిక్యం లేదని చాటారు. గుర్తింపు కోసం ఇచ్చిన పేరును గోడగా మార్చుకుంటే ఆ బోధను మనమే పక్కన పెట్టినట్లవుతుంది.

అలాగని వంశాన్ని మరచిపొమ్మని ఇస్లాం చెప్పలేదు. హజ్రత్ జైద్ (రజి)ని దైవప్రవక్త (స) పెంచుకున్నప్పుడు ప్రజలు ఆయనను జైద్ బిన్ ముహమ్మద్ అని పిలిచేవారు. పెంచుకున్నవారిని వారి కన్నతండ్రుల పేర్లతోనే పిలవాలనే ఆదేశం (33:5) వచ్చిన తరువాత ఆయన తిరిగి జైద్ బిన్ హారిసా అయ్యారు. స్త్రీల విషయమూ అంతే. హజ్రత్ ఆయిషా (రజి) దైవప్రవక్త (స) సతీమణి అయిన తరువాత కూడా అబూబకర్ కుమార్తెగానే చరిత్రలో నిలిచారు. నికాహ్ తరువాత అమ్మాయి తన తండ్రి ఇంటిపేరును మార్చుకోవలసిన ధార్మిక అవసరం లేదు.

కనుక ప్రతి ఇంటా చేయదగిన పని ఒకటుంది. దాదీ, నానీలు బతికి ఉండగానే వారి దగ్గర కూర్చుని, తాత ముత్తాతల పేర్లు, వారి ఊళ్లు, వారు చేసిన పనులు, ఊరివారు తమ ఇంటిని ఏమని పిలిచేవారో అడిగి ఒక పుస్తకంలో రాసుకోవాలి. రేవులో బరువు మోసిన ముత్తాత కనిపించినా, దూది ఏకిన ముత్తాత కనిపించినా ఉన్నది ఉన్నట్లు రాయాలి. పిల్లలకు చదివి వినిపించి, వారి కోసం దువా చేయించాలి.