మా ఇంట ఆటల కంప్యూటరు



"అయ్యగారింట్లో ఆటల కంప్యూటరా?" అని మా సంఘపెద్దలు ఒకరిద్దరు అడిగారు. అడగవలసిన ప్రశ్నే.

2021లో అబ్బాయి ఆన్‌లైన్ తరగతుల నిమిత్తము ఒక పాత కంప్యూటరు కొన్నాము. ధర ఒక్కటే చూశాము. ఆదివారపు పాటలు, సంఘ సభ్యుల పట్టిక అన్నీ అందులోనే టైపు చేసుకున్నాము. ఒక రాత్రి కరెంటు రెండు మూడుసార్లు పోయి వచ్చింది. తెల్లవారి బటను నొక్కితే మాడిన వాసన. "రాత్రంతా ఆటలాడి కాల్చిపెట్టావు" అని వాడిమీద విరుచుకుపడ్డాము. ఆడలేదు నాయనా అన్నాడు. మేము నమ్మలేదు.

వారము తరువాత ఎమ్మిగనూరులో మెకానిక్కు విప్పి చూపించాడు. లోపల పేరూ ఊరూ లేని ఎస్సెంపీఎస్. అది కాలుతూ మదర్‌బోర్డును కూడ తీసుకొనిపోయింది. ఆటలకూ దీనికీ సంబంధము లేదన్నాడు. బస్సులో తిరిగి వస్తూ మా నోట మాట రాలేదు. ఇంటికి చేరి, వాళ్ళమ్మ ఎదుటనే వాడిని క్షమించమని అడిగాము. పుల్పిటు మీద ఆ మాట ఎన్నిసార్లు బోధించామో! పదిహేనేళ్ళ పిల్లవాని ముందు గొంతు పెగలలేదు.

2023 వేసవిలో, పాలిటెక్నిక్ చదువుతూ, మరల కంప్యూటరు అడిగాడు. "చదువుకా, ఆటకా?" అన్నాము. "రెంటికీ నాయనా" అన్నాడు. దాచనందుకు సంతోషించాము. వాళ్ళమ్మ కుట్టుమిషను మీద కూడబెట్టినది, మేము దాచినది కలిపి నలభై వేలు. కానుకల సొమ్ము ఒక్క రూపాయి చేరలేదు. ఇది వ్రాయుట అవసరము.

రంగు దీపాల డబ్బా అడుగుతాడనుకొన్నాము. వాడు తెచ్చిన నోటుబుక్కు కాగితములో మొదటి వరుస ఎస్సెంపీఎస్! గోడలోని 230 వోల్టులను లోపలి భాగాలకు కావలసిన 12, 5, 3.3 వోల్టులుగా మార్చి పంచేది అదేనట. మంచి కంపెనీది, 550 వాట్లది కావాలన్నాడు. ఇప్పటికి అంత అవసరము లేదు గాని, రేపు గ్రాఫిక్స్ కార్డు పెడితే చాలాలి. ప్రాసెసరు రైజెన్ 5 5600జి. దానిలోనే చిన్న గ్రాఫిక్స్ ఉన్నది గనుక కార్డు లేకుండానే ఓ మోస్తరు ఆటలు నడుస్తాయి. బి550 మదర్‌బోర్డు, ర్యాము 8 జీబీవి రెండు, ఒకే 16 వద్దు. ఆ చిన్న గ్రాఫిక్స్ ర్యామునే వాడుకొంటుంది, జతగా పెడితే వేగము పెరుగుతుంది. బోర్డుకు నాలుగు ర్యాము స్లాట్లు ఉండాలి, రెండు ఖాళీగా. 500 జీబీ ఎస్సెస్‌డీ. తెర బదులు ఇంటిలోని టీవీ.

2022లో వచ్చిన ఏఎం5 సాకెట్టుకైతే ముందు ముందు ఇంకా కొత్త ప్రాసెసర్లు పెట్టవచ్చు. అయితే దానికి డీడీఆర్5 ర్యాము కావాలి, బోర్డూ ఖరీదే. 2016 నాటి ఏఎం4 మన చేతికి అందుతుంది. 2022లో వచ్చిన 5800ఎక్స్3డి కూడ దానిలో కూర్చుంటుంది. ఆ మార్గము చాలునన్నాడు. లూకా సువార్త 14వ అధ్యాయములో గోపురము కట్టగోరి ముందుగా లెక్క చూచుకొన్నవాడు మాకు జ్ఞాపకము వచ్చాడు.

సికింద్రాబాదులో చినాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్ళాము. ఒక అంగడిలో, "ఎస్సెంపీఎస్ తక్కువది వేసుకోండి, మిగిలిన దానికి ఇంకొంచెము వేస్తే ఇప్పుడే గ్రాఫిక్స్ కార్డు వస్తుంది, బాబు సంతోషిస్తాడు" అన్నారు. నిజము చెప్పాలంటే మేము మెత్తబడ్డాము. వాడి ముఖము వెలుగుతుంది కదా అని. వాడే మా చేయి పట్టుకొని, "వద్దు నాయనా, మన ఇంట్లో ఒకటి కాలింది చాలు" అన్నాడు. ఆ మాటలో నిష్ఠూరమేమీ లేదు. మాకే ఉలికిపాటు కలిగింది.

రెండేండ్లు గ్రాఫిక్స్ స్లాటు ఖాళీగానే ఉన్నది. నెలకొకసారి మూత తీసి బ్రష్షుతో దుమ్ము దులిపేవాడు. పాటలు, సభ్యుల పట్టిక మరల టైపు చేసి, ఈసారి పెన్‌డ్రైవులో కూడ ఉంచాడు.

2025 సెలవులలో పని చేసి సంపాదించిన డబ్బుతో, పాతదే గాని ఆడించి చూచి మరీ, ఆర్ఎక్స్ 6600 కార్డు తెచ్చాడు. 132 వాట్లట. దానికి కావలసిన ఎనిమిది పిన్నుల వైరు ఎస్సెంపీఎస్‌కు మొదటినుండి ఉన్నది, డబ్బాలో చుట్టగా మడిచి కట్టబడి. వాడు దారము విప్పుతుంటే మేము టార్చి పట్టుకొన్నాము. బటను నొక్కేముందు మావైపు చూచి, "నీవే నొక్కు నాయనా" అన్నాడు.

ఆ సాయంకాలము క్రికెట్ ఆటలో మొదటి బంతికే అవుటయ్యాము.