కండెలు చుట్టినవాళ్ల వాటా

మా ముత్తాత ఒక్క మగ్గంతో మొదలుపెట్టి సిద్దిపేటలో నూలు షావుకారు అయ్యాడని మా ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ కథలో ఆయన కష్టం ఉంటుంది, తెలివి ఉంటుంది, రూపాయి ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం ఉండదు. బజారులోని ఆయన దుకాణం అమ్మాలని అనుకున్నప్పుడు నేను వెతికింది ఆ రూపాయి జాడనే.

మా వంశం చెప్పడానికి కూనపులివాళ్లు ఉండేవాళ్లు. పటం విప్పి మార్కండేయ పురాణం, భావనారుషి కథ, పద్మశాలీల 101 గోత్రాల పుట్టుక చెప్పి త్యాగం పుచ్చుకుని పోయేవాళ్లు. అలాంటి పటాలు వేసే నకాషీలు మా జిల్లాలోని చేర్యాలవాళ్లే. పటంలో మా గోత్రం ఉంది. మా దుకాణం ఎలా వచ్చిందో తెలియాలంటే మాత్రం ముత్తాత ఖాతా పుస్తకాలు తియ్యాల్సిందే.

తీశాను. ఆయన నేతగాళ్లకు నూలు చిలుపలు అరువు మీద ఇచ్చేవాడు. నేసిన చీరలు వాళ్లు ఆయనకే తేవాలి. నూలు ధర పట్టుకోగా మిగిలిందే కూలి. పెళ్లికో పురుడుకో వాడుకున్న పైకం కూడా అదే పేరు కింద ఎక్కేది. ఆ బాకీ ఉన్నంతకాలం ఆ మగ్గం ఇంకొకరికి ఆడదు. ఆయన నూలు షోలాపూర్ నుంచి వచ్చేది. అక్కడ 1877లోనే మిల్లు పడింది, తెలంగాణ పద్మశాలీలు తరతరాలుగా వలసపోయిన ఊరది. అక్కడున్న మా బంధువుల మాట మీద ఆయనకు అరువు పుట్టింది. ఇక్కడ అమ్మకం నిజాం హాలీ రూపాయల్లో, అక్కడ చెల్లింపు బ్రిటిష్ ఇండియా కల్దారులో. ఏడు హాలీలకు సుమారు ఆరు కల్దార్లు. ఈ మారకం లెక్క తప్పితే లాభమంతా దారిలోనే పోతుంది. ఆయన ప్రతి పద్దు పక్కన రెండు నాణేల్లోనూ రాసుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో నూలుకు కరువొచ్చి కంట్రోలు పెట్టారు. అప్పుడు నిల్వ ఉన్నవాడిదే బజారు. దుకాణం కొన్నది ఆ లాభంతోనే.

2017లో నేతన్న పొదుపు పథకం వచ్చి, నేతగాడు కూలిలో నూటికి 8 దాచుకుంటే ప్రభుత్వం 16 కలుపుతుందన్నప్పుడు నాకు ఆ పుస్తకాల్లోని పేర్లే మెదిలాయి. ఒక్కరి కింద కూడా దాచుకున్న సొమ్ము అనే పద్దు లేదు. అందరిదీ బాకీయే.

ఇంకో సంగతి నన్ను ఎక్కువ పట్టుకుంది. మగ్గం ఆడాలంటే రాట్నం దగ్గర ఒక మనిషి కూర్చుని కండెలు చుడుతూనే ఉండాలి. బయటి ఆడవాళ్లతో చుట్టిస్తే ముత్తాత కూలి రాశాడు. మా ఇంటి ఆడవాళ్ల పేరు ఏ పేజీలోనూ లేదు. ముత్తవ్వ చుట్టింది, నాయినమ్మ చుట్టింది, మేనత్తలిద్దరూ పెళ్లయి పోయేదాకా చుట్టారు. ఆ ఇవ్వని కూలే దుకాణానికి వడ్డీ లేని పెట్టుబడి.

అందుకే అమ్మకం ముందు "అక్కలతోటి హక్కు వదులుకున్నట్టు సంతకం పెట్టించి, చీరలు పెడదాం" అని చిన్నాయిన అంటే నేను ఒప్పుకోలేదు. మేనత్తలే "మాకేమొద్దు బిడ్డా, పుట్టింటికి రాకపోకలుంటే చాలు" అన్నారు. ఆ మాటను సమ్మతిగా తీసుకోవడం నాకు అన్యాయం అనిపించింది. వద్దన్నది పైసలను కాదు, తమ్ముడితో తగువును.

హిందూ వారసత్వ చట్టం కూడా చూశాం. 1986లో అప్పటి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇచ్చినా, అప్పటికే పెళ్లయినవాళ్లకు ఇవ్వలేదు. మేనత్తలు ఆ గీతకు అవతల పడ్డారు. 2005లో కేంద్రం తెచ్చిన సవరణ పెళ్లయినవాళ్లనూ కలుపుకుంది. తండ్రి అప్పటికి బతికి ఉండనక్కర్లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో తేల్చింది. మా ఇంట్లో నోటిమాట పంపకమే తప్ప రిజిస్టరైన కాగితం లేదు. అలాంటి పంపకం చూపించి ఆడపిల్లల వాటా కాదనడం చాలా కష్టమని వకీలు చెప్పాడు. చట్టం లేకపోయినా నా నిర్ణయం అదే. ఉండటం వల్ల చిన్నాయినతో మాట్లాడటం తేలికైంది.

వాటాలు తేలాక పన్ను కూడా ఎవరిది వాళ్లకే పడింది. హాలీ రూపాయల్లో కొన్న ఆస్తికి ఇప్పుడు కొన్న ధర ఎంతని చూపాలి? ఆ నాణెం 1959లోనే చెల్లకుండా పోయింది. ఇంత పాత ఆస్తికి 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా తీసుకోవచ్చు. ప్రభుత్వం దగ్గర రిజిస్టరైన వాల్యుయర్‌తో ఆ విలువ కట్టించాం. ఆ ఖర్చుకు వెనకాడొద్దని నా గట్టి సలహా. 2024 జూలై 23 నుంచి జరిగిన అమ్మకాలకు పన్ను 12.5 శాతం. అంతకుముందే చేతిలో ఉన్న భూమి, ఇల్లు అయితే, ధరల పెరుగుదలను లెక్కలోకి తీసుకుని 20 శాతం కట్టే పాత పద్ధతితో పోల్చి ఏది తక్కువైతే అది కట్టొచ్చు. పన్ను పడకుండా నా లాభాన్ని అయిదేళ్లు కదిలించడానికి లేని 54ఈసీ బాండ్లలో పెట్టాను. వాటిలో ఒకరికి 50 లక్షలే పరిమితి. పెద్ద మేనత్తకు డబ్బు అలా కదలకుండా కట్టేసుకునే ఓపిక లేదు, అవసరమూ లేదు. ఆమె పన్ను కట్టేసి, పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ల పథకంలో తన పేరు మీదే వేయించుకుంది. మూడు నెలలకోసారి వడ్డీ వస్తుంది. కొడుకు పేరు మీద వద్దని ఆమే అంది.

చిన్నాయినకు నా పంపకం ఇప్పటికీ పూర్తిగా నచ్చలేదు. మగవాళ్లు నడిపిన దుకాణం అంటాడు. నేను ఖాతా పుస్తకాలన్నీ ఫోటోలు తీయించి నలుగురి ఇళ్లకూ పంపించాను.