మంచుమీద జెండా

వంటలు, కుట్టుపనులు, శిశుపోషణము మున్నగువానిని గూర్చి చదువుకొను ఈ పుటలలో చేపలవేటను గూర్చి యొక గృహిణి వ్రాయుటేమని మీరు నవ్వవచ్చును. అరువదిరెండేండ్ల వయస్సున మేము గడ్డకట్టిన సరస్సుమీద మోకాళ్లూని కూర్చుండి గాలపుత్రాడు లాగుదుమని ముందుగా నెవరైన చెప్పియుండినచో మేమును నవ్వియుందుము. కాని ఆ విద్య నేర్చుకొనుటలో మాకు చేపలకంటె ముఖ్యమైన సంగతి యొకటి తెలిసినది. దానిని మీతో చెప్పుకొనవలెనని తోచినది.

2025 సంవత్సరము జనవరిలో మేము అమెరికాదేశమున మిన్నెసోటా రాష్ట్రమునందున్న మా అమ్మాయియొద్దకు పోతిమి. మినియాపొలిస్ నగరమునకు పడమరగా మిన్నెటోంకా యను పెద్ద సరస్సు కలదు. ఆ పేరు డకోటా జనుల భాషనుండి వచ్చినది. పెద్ద నీరు అని దాని యర్థము. ఆ సరస్సునకు సమీపముననే మా అమ్మాయి కాపురము. మేము పోయినది వేడుకలు చూచుటకు గాదు. అంతకుముందు ఆశ్వయుజమాసములో అమ్మాయికి అయిదవ నెలలో గర్భము పోయినది. శరీరము కుదుటపడినది గాని మనస్సు కుదుటపడలేదు. ఫోను చేసినపుడెల్ల "బాగున్నానమ్మా" అనుటయే గాని వేరొక మాట లేదు. పొలముపనులవలన మావారు రాలేకపోయిరి. మేమే బయలుదేరితిమి.

పోయిననాటినుండి మేమొక తప్పు చేసితిమి. తల్లులందరును చేయు తప్పే. అన్నము వడ్డించుచు "ఏమమ్మా, అట్లున్నావేమి?" అని యడుగుదుము. తల దువ్వుచు "మనసులోనిది చెప్పుకొనిన బరువు తీరును గదా" అందుము. నిద్రలేచిన దాదిగా దాని మొగమే చూచుచు కూర్చుందుము. పదునైదు దినములిట్లు గడచిన పిమ్మట ఒకనాటి సాయంకాలము "అమ్మా! నీవట్లు నన్నే చూచుచుండిన నాకు ఊపిరాడుట లేదు. కొంచెము నన్ను విడిచిపెట్టుము" అని అమ్మాయి గదిలోనికి పోయి తలుపు వేసికొనెను. కన్నతల్లికే ఆ మాటయా యని మేమా రాత్రి కన్నీరు పెట్టుకొంటిమి.

వారి పొరుగింట డెబ్బదియేండ్లు దాటిన యొక అవ్వగారు ఒంటరిగా కాపురముండిరి. ఆమె పూర్వము పాఠశాలలో ఉపాధ్యాయిని. అమ్మాయికి జరిగినది ఆమెకు తెలియును. అయినను ఎన్నడును ఆ ప్రస్తావన తెచ్చినది లేదు. ఆ మరునాడు ఆమె వచ్చి, "శనివారమునాడు నాతో మంచుమీదికి రండి. నాకు బకెట్లు మోయువారు కావలెను" అని పిలిచిరి. అచ్చట అనుమతిపత్రము లేనిదే గాలము వేయరాదు. పరదేశులకు ఒక్కదినమునకుగూడ పత్రము దొరకును. అల్లుడు మా కిరువురకును పత్రములు తీసియిచ్చెను.

మాది కొల్లేటి ప్రాంతము. చిన్నతనమున మేము చెరువుగట్టున నిలువబడి, గాలపుత్రాటికి కట్టిన జీలుగుబెండు ఎప్పుడు మునుగునాయని మగపిల్లల ప్రక్కనుండి చూచుచుంటిమి. గాలము చేతికిమ్మనిన ఇచ్చువారు కారు. ఆడుదానికి చేపను కోయుటయే గాని పట్టుట యెక్కడిది?

శనివారము ఉదయము చలి సున్నకు దిగువ 15 డిగ్రీలుండెను. అవ్వగారు మా బూట్లక్రింద ఇనుపముండ్లుగల పట్టీలు తొడిగిరి. పిడిగల మేకులు రెండు త్రాటికి కట్టి మా మెడలో వేసిరి. మంచు పగిలి నీటిలో బడినచో వానిని గట్టిమంచులో గ్రుచ్చి పైకి ప్రాకవలెనట! ఆ మాట వినగానే మాకు కాళ్లు వణకినవి. అవ్వగారు నవ్వి, "భయము మంచిదే, కొలుచుట అంతకంటె మంచిది" అని దరినుండియే మంచునకు రంధ్రము చేసి కొలబద్ద దింపిరి. మనుష్యుడు నడచుటకు తేటయైన గట్టిమంచు 4 అంగుళములైన నుండవలెను. తెల్లగా పాలవలెనున్న మంచు బలహీనమైనది. దాని కిబ్బడి మందము కావలెను. ఆనాడు 12 అంగుళములుండెను. అయినను ఆమె నడచినంతదూరము నడుమనడుమ నాగి కొలుచుచునే యుండిరి. క్రింద ఉరుమువలె ధ్వని వచ్చినపుడు మేము అమ్మాయిచేయి పట్టుకొంటిమి. "భయము లేదమ్మా, మంచు పెరుగుచున్నపుడును అట్లే ధ్వని చేయును" అని అమ్మాయి చెప్పెను. ఆ వారములో అది తనంత తాను మాతో ఆడిన మొదటి మాట అదియే.

ఇంత గడ్డకట్టిన నీటిలో చేపలెట్లు బ్రదుకునని మేమడిగితిమి. నీరు 4 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమియందు మిక్కిలి బరువుగా నుండును. ఆ నీరు అడుగునకు దిగును. అంతకంటె చల్లనిది తేలికయై పైననుండి గడ్డకట్టును. అందుచే పైనెంత మంచు కప్పినను అడుగున చేపలు బ్రదికియుండును. పైనున్న మంచే ఆ క్రింది నీటికి కంబళివంటిది.

ఇక ఆ పనిముట్టు సంగతి. దానిని టిప్ అప్ అందురు. రెండు కొయ్యబద్దలు అడ్డముగా శిలువవలె పరచుకొని రంధ్రముమీద నిలుచును. నడుమనుండి నిలువుబద్ద యొకటి నీటిలోనికి దిగును. దాని క్రిందికొనను త్రాడు చుట్టిన రాట్నమువంటి చక్రముండును. చక్రము నీటిలోపలనే యుండుటచే త్రాడు గడ్డకట్టదు. పైకొనను వంగు ఉక్కురేకునకు ఎర్రని జెండా కట్టియుండును. ఆ రేకును వంచి ఒక చిన్న ఊచక్రింద చిక్కించవలెను. చేప ఎర పట్టుకొని పోయినపుడు చక్రము తిరుగును. దానితో ఊచయు తిరిగి రేకును విడిచిపెట్టును. జెండా నిటారుగా లేచును. మన బెండు మునిగి చెప్పును, వారి జెండా లేచి చెప్పును, అంతే భేదము.

అమర్చు విధమిది. పిడితో త్రిప్పు పెద్ద బరమాతో 8 అంగుళముల వెడల్పున రంధ్రము చేయవలెను. పైకి తేలిన మంచుముక్కలను మన జల్లిగరిటెవంటి పెద్దగరిటెతో తీసివేయవలెను. ఆ పని మాకు అప్పగించిరి. అది మాకు ఎవరును నేర్పనక్కరలేదు గదా! పిదప గాలమునకు చిన్న బరువు తగిలించి అడుగు తగులువరకు దింపి, లోతు తెలిసికొని, అడుగున మొలచిన నాచునకు కొంచెము పైగా ఎర యుండునట్లు త్రాటిని పైకి తీయవలెను. ఆ కొలత మరచిపోకుండ త్రాటికి చొక్కాగుండీ యొకటి తగిలించుదురు. అచ్చటి పైకు చేప మన కొరమీనువలె మాటువేసి పట్టునది. దాని పండ్లు త్రాటిని కోసివేయును గనుక గాలమునకు పైన జానెడు ఉక్కుతీగ కట్టుదురు. బ్రదికియున్న చిన్నచేపను వీపురెక్కక్రింద మెల్లగా గ్రుచ్చి దింపుదురు. చలికాలమున ఒక్కొక్కరు రెండు గాలములు వేయవచ్చును. కాని పనిముట్టునకు 200 అడుగులలోపలనే యుండవలెనని చట్టము. వదలిపోరాదు.

నాలుగు జెండాలు అమర్చి, బోర్లించిన బకెట్లమీద కూర్చుంటిమి. చేతిలో నేమియు లేదు, చూపుమాత్రమే పని. గాలి వీచి రెండు జెండాలు ఊరకే లేచినవి. ఊచకు ఒకవైపు నునుపు, మరియొకవైపు గాడి యుండును. గాలి హెచ్చుగా నున్నపుడు గాడియందు చిక్కించవలెను. చేపలు మెల్లగా పట్టుచున్నపుడు నునుపువైపు పెట్టవలెను. ఇది రెండుసార్లు పరుగెత్తిన పిమ్మట మాకు తెలిసినది.

మధ్యాహ్నమున నిజమైన జెండా లేచినది. మేము పరుగెత్తి పోయి చూడగా చక్రము గిఱ్ఱున తిరుగుచుండెను. ఆనందము పట్టలేక త్రాడు చేత జిక్కించుకొని గుంజితిమి. ఒక్క అదురు, పిమ్మట త్రాడు తేలికయైపోయెను. అవ్వగారు నెమ్మదిగా, "అది ఎరను అడ్డముగా నోట గరచుకొని పోవుచుండెను. కొంతదూరము పోయి నిలుచును. అప్పుడు ఎరను త్రిప్పి తలవైపునుండి మింగ మొదలిడును. పోవుచున్నదానిని గుంజిన విడిచివేయును. మరీ ఆలసించినచో గాలము లోపలికి దిగును; అప్పుడు విడిచిపెట్టినను అది బ్రదుకదు. చక్రము నిలిచినదా, పోవుచున్నదా యని మొదట చూడవలెను" అని చెప్పిరి. అమ్మాయి మా వంక చూచెను. ఏమియు ననలేదు. మేమును ఏమియు ననలేదు. కాని ఆ రాత్రి మాకు నిద్ర రాలేదు. పదునైదు దినములుగా మేమింటిలో చేసినది ఆ గుంజుటయే గదా యని తోచినది.

మరునాటినుండి మేము అడుగుట మానితిమి. పప్పు చేసితిమి, చారు పెట్టితిమి, దాని ప్రక్కనే కూర్చుండి బట్టలు మడిచితిమి. మొగము చూడక పని చూచుకొంటిమి. అది మాకు సులభముగా నుండెనని చెప్పజాలము.

తరువాతి శనివారమున మరల పోతిమి. ఈసారి జెండా లేచినపుడు అమ్మాయినే పోనిచ్చితిమి. అది మోకాళ్లూని, చక్రము నిలుచువరకు ఆగి, త్రాటిని ఒక్కసారి చివాలున లాగి, పిదప చేతిమీద చేయిగా లాగసాగెను. చేప బలముగా గుంజినపుడు త్రాటిని జారనిచ్చి, అలసినపుడు మరల లాగెను. తడిత్రాడు కాళ్లకు చుట్టుకొనకుండ మేము ప్రక్కకు పరచితిమి. తుదకు రంధ్రములోనుండి బాతుముక్కువంటి మూతితో నొక పెద్ద పైకు పైకి వచ్చెను. దాని కడుపు నిండుగా నుండెను. అవ్వగారు తడిమి చూచి, "ఇది ఆడుచేప. గ్రుడ్లతో నున్నది. మంచు కరిగిన వెంటనే ఒడ్డునగల గడ్డిలో గ్రుడ్లు పెట్టును. దీనిని విడిచిపెట్టుదము" అనిరి.

అమ్మాయి గాలము తీసి, ఆ చేపను రెండుచేతులతో నీటిలో పట్టుకొనెను. అది రెక్కలాడించువరకు పట్టుకొని విడిచెను. ఒక్క తోకవిసురుతో అది చీకటిలోనికి పోయెను. అమ్మాయి తడిచేతులతో అచ్చటనే కూర్చుండిపోయెను. అవ్వగారు దూరముననున్న గాలము చూచివచ్చెదనని లేచిపోయిరి. మేము మా శాలువతో దాని చేతులు తుడిచి, ఫ్లాస్కులోని తేనీరు పోసి ఇచ్చితిమి.

"పేరుకూడ అనుకొంటిమమ్మా" అని అమ్మాయి అనెను.

మేము మాటాడలేదు.

ఆ పేరు చెప్పెను. అది మా అత్తగారి పేరు. ఆస్పత్రిలో జరిగినది చెప్పెను. ఇంటికి వచ్చినపిదప కొనియుంచిన చిన్నచొక్కాలను ఏమిచేయవలెనో తెలియక అల్మారా అడుగున దాచితినని చెప్పెను. భర్తయొద్ద ఏడ్చిన అతడును ఏడ్చునని భయపడి ఆగితినని చెప్పెను. చెప్పుచుండగా మా యెదుట, ఏబది అడుగుల దూరమున, మరియొక జెండా లేచెను. మేము చూచితిమి. లేవలేదు. కొంతసేపటికి అవ్వగారు వచ్చి దానిని చూచి, మా వంక చూచి, ఏమియు ననక మరల ఎర గ్రుచ్చి దింపి పోయిరి. ఆ చేప యేమైనదో మేమెరుగము.

ఆనాడు ఒక్క చేపయు ఇంటికి తేలేదు. ఇంటికి వచ్చినపిదప అల్మారా తెరచి ఆ చొక్కాలను మేమిరువురమును బయటకు తీసితిమి. అల్లుడును వచ్చి కూర్చుండెను. ముగ్గురమును ఏడ్చితిమి. ఆ రాత్రి అమ్మాయి అడిగి మరల అన్నము పెట్టించుకొనెను.

సోదరీమణులారా! బిడ్డలు పెద్దవారై దూరమున నుండినపుడు మన చేతిలో త్రాడుండదు. లోతు తెలిసికొని, ఎర యమర్చి, మంచుముక్కలు తీయుచు, పిలిచిన అందునంత దూరమున కూర్చుండుటయే మన పని. ఊరకే వదలిపోరాదు; ఊరకే గుంజరాదు. ఈ రెంటి నడుమ కూర్చుండుట ఎంత కష్టమో మేము అనుభవించితిమి గనుక, మీకు సులభమని చెప్పము.

మేము తిరిగివచ్చి మాసములు గడచినవి. ఇప్పుడు ఫోను చేసినపుడు "ఎట్లున్నావు?" అని మాటిమాటికి అడుగము. ఇచ్చటి వానల సంగతియు, కొత్త ఆవకాయ సంగతియు చెప్పుదుము. మొన్న ఒకనాడు తెల్లవారుజామున తానే ఫోను చేసెను. పొయ్యిమీద పాలు పెట్టియుంటిమి. అమ్మాయి గొంతు వినగానే పొయ్యి ఆర్పి, పీట వేసికొని కూర్చుంటిమి.