పది నిమిషాల పని

ఫస్టియర్ పరీక్షలైపోయాక ఫ్రెండ్స్ అందరూ ఆన్‌లైన్ కోర్సుల లింకులు పంచుకుంటుంటే నేను బూర్గంపాడు బస్సెక్కాను. నాన్నమ్మ పోయాక తాతయ్య ఒక్కడే ఉంటున్నాడు, తోడుగా ఉంటానని ఇంట్లో చెప్పాను. అది సగమే నిజం. మిగతా సగం తాతయ్య షెడ్డులో ఉంది, మూడేళ్లుగా కదలకుండా.

అంబాసిడర్ మార్క్ 4, పెట్రోల్ బండి. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి వచ్చినప్పుడు తాతయ్య నాన్నమ్మనీ, చిన్నపిల్లలుగా ఉన్న నాన్ననీ, బాబాయినీ అందులోనే ఎక్కించుకుని పాల్వంచ వైపు వెళ్లిపోయాడట. ఆ కథ వినకుండా మా ఇంట్లో ఎవరూ పెరగలేదు. 2022 జులైలో మాత్రం అలా కుదరలేదు. భద్రాచలం దగ్గర 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆసారి 71.3 అడుగులు వచ్చింది. కారు బ్యాటరీ డౌన్ అయి ఉంది, తోయడానికి మనుషుల్లేరు. తాతయ్యా నాన్నమ్మా ఎవరిదో ట్రాక్టరెక్కి బయటపడ్డారు. కారు ఉండిపోయింది.

నీళ్లు తీశాక ఇల్లు కడగడానికి అందరం వెళ్లాం. నేను అప్పుడే పది పాసయ్యాను. బానెట్ మీద అరచెయ్యి మందాన ఒండ్రు. అదే వీధిలో ఉండే మెకానిక్ బాబాయ్, తన షాపు కూడా బురదలోనే ఉన్నా, వచ్చి చూసి నాతో అన్నాడు: “అమ్మాయ్, తాతకి చెప్పు. నాలుగు ప్లగ్గులూ ఊడదీసి, లోపలి నీళ్లు తీసి, తలా కాస్త డీజిల్ పొయ్యమను. పది నిమిషాల పని. ఈ వారంలో చెయ్యకపోతే ఇంజన్ పట్టేస్తది.”

సరే అన్నాను. చెప్పలేదు. కావాలని కాదు. ఆ సాయంత్రం ఫోన్‌కి ఛార్జింగ్ దొరికింది, ఇంటర్ అడ్మిషన్ల మెసేజ్‌లు చూసుకుంటూ మర్చిపోయాను. గుర్తొచ్చేసరికి ఖమ్మంలో ఉన్నాను. అప్పుడు ఫోన్ చేసినా సరిపోయేది. ‘ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటారేమో’ అని ఊరుకున్నాను. తర్వాత ఇంజన్ నిజంగానే పట్టేసింది. “గోదారి తీసుకుపోయింది, ఏం చేస్తాం” అనేవాడు తాతయ్య. గోదావరి కాదని నాకు తెలుసు.

ఈ మధ్య నాన్న పాత ఇనుము కొనేవాళ్లతో మాట్లాడాడు. సెలవులయ్యేలోపు వచ్చి తీసుకెళ్తామన్నారు. నేను బస్సెక్కింది అందుకే.

మొదటి సాయంత్రమే తెలివి చూపించాను. వీడియోల్లో చూసినట్టు ముందు నుంచి హ్యాండిల్ రాడ్డు పెట్టి, దానికి నీళ్ల పైపు ముక్క తొడిగి, దాని మీద ఎక్కి నిలబడ్డాను. కదల్లేదు. మెకానిక్ బాబాయ్ చూసి కేకలేశాడు. సిలిండర్లో ఇంకా నీళ్లుంటే అవి గాలిలాగా నలగవట. బలవంతంగా తిప్పితే పిస్టన్ నీళ్లకి గుద్దుకుని కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. “ముందు ప్లగ్గులు ఊడదియ్యి. ఆనాడు చెప్పిన పనే” అన్నాడు. నేను తల దించుకున్నాను. ఆయన మామూలుగానే అన్నాడనుకుంటా.

ప్లగ్గులు తీస్తే ఒకటి, రెండు సిలిండర్లవి కొంచెం మసి పట్టి ఉన్నాయి. మూడు, నాలుగు ఎర్రగా తుప్పు. ఎందుకో బాబాయ్ సుద్దముక్కతో నేల మీద గీసి చెప్పాడు. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. బండి ఆగినప్పుడు ఒకటో సిలిండర్ కంప్రెషన్లో ఉంటే, మూడోదానికి గాలి లోపలికొచ్చే వాల్వ్ తెరిచి ఉంటుంది, నాలుగోదానికి పొగ బయటికెళ్లే వాల్వ్. మిగతా రెంటికీ రెండు వాల్వులూ మూసే ఉంటాయి. వరద తెరిచి ఉన్న తలుపుల్లోంచే వెళ్లింది. పిస్టన్ రింగులూ పోత ఇనుమే, సిలిండర్ గోడా పోత ఇనుమే. మధ్యలో తుప్పు పట్టి రెండూ అతుక్కుపోయాయి.

సంపు నట్టు విప్పితే ముందు నీళ్లు, తర్వాత పాల టీ రంగులో ఆయిల్ వచ్చాయి. ప్లగ్గుల రంధ్రాల్లోంచి డీజిల్, పవర్ స్టీరింగ్ ఆయిల్ సగం సగం కలిపి పోశాం. తర్వాత పనేమీ లేదు, ఆగడమే. రోజూ పొద్దున, ఎండ ముదరకముందే, కాస్త పోసేదాన్ని. సాయంత్రం కారుని టాప్ గేర్‌లో వేసి ముందుకీ వెనక్కీ ఊపేవాళ్లం, నేనూ వీధిలో ఇద్దరు పిల్లలూ. హ్యాండిల్ అయితే ఒకవైపే తిప్పుతుంది. గేర్లో వేసి ఊపితే రెండువైపులా లాగుతుంది. గట్టిగా తోయొద్దు, మెల్లిగా ఊపండి, అదే వదులుతుంది అనేవాడు బాబాయ్.

ఇప్పుడు సెకండియర్లో ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసులో డెడ్‌లాక్ చెప్తుంటే నాకు ఆ షెడ్డే గుర్తొచ్చింది. నువ్వు వదిలితే నేను వదుల్తానని రెండూ పట్టుకు కూర్చోవడం. పుస్తకంలో ఒక మార్గం, ఏదో ఒక ప్రాసెస్‌ని చంపెయ్యడం. షెడ్డులో ఆ సౌకర్యం లేదు. రింగు విరిగినా, రాడ్డు వంగినా పోయేది ఇంజనే.

పదకొండో రోజు ఊపుతుంటే లోపల ‘టక్’మంది. విరిగిందనుకున్నాను. టైరు బెత్తెడు కదిలింది. మర్నాడు జానెడు. ఆ తర్వాత హ్యాండిల్ పెడితే బరువుగా, గరగరమంటూ పూర్తిగా ఒక చుట్టు తిరిగింది. ప్లగ్గు రంధ్రాల్లోంచి ఎర్రటి డీజిల్ నా చొక్కా మీద చిమ్మింది.

తాతయ్య స్టూలు మీద కూర్చుని చూస్తున్నాడు. అప్పుడు చెప్పేశాను. మెకానిక్ బాబాయ్ ఆనాడు నాకేం చెప్పాడో, నేను ఎందుకు చెప్పలేదో, మొత్తం.

తాతయ్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: “వాడు నాకూ చెప్పాడమ్మా. షెడ్డు దాకా పోయినా. బురదలో ప్లగ్ పానా దొరకలా. వెనక్కి తిరిగి చూస్తే మీ నాన్నమ్మ తడిసిన బియ్యం ఆరబోస్తా ఏడుస్తంది. కారు సంగతి రేపు చూద్దాంలే అనుకున్నా.”

ఆ తర్వాత ఇద్దరం హ్యాండిల్ ఇంకో నాలుగుసార్లు తిప్పాం.

కారు స్టార్ట్ కాలేదు. మూడు, నాలుగు సిలిండర్లలో కంప్రెషన్ లేదు. హెడ్డు విప్పి, బ్లాకుని లేతు షాపుకి పంపాలట. పెట్రోల్ ట్యాంకు నిండా తుప్పే. దానికి అయ్యే ఖర్చు విని నాన్న ఏమీ అనలేదు. పాత ఇనుము వాళ్ల మాట కూడా మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున తాతయ్య ఫోన్ చేస్తాడు. ఎలా ఉన్నావు, తిన్నావా అని అడగకముందే చెప్తాడు, “తిప్పానమ్మా” అని.